మరచిపోనివాళ్ళు

పోయిన వారం ఐలా కివెలాని మనం మెట్ల మధ్యలో వదిలేశాం. చేతిలో కాఫీ చల్లారిపోతోంది. పైన గదిలో బ్రెంట్ ఈల వేసుకుంటున్నాడు. ఆమెకేమో అప్పుడే ఒక సంగతి తట్టి కాళ్ళు ముందుకు పడడం మానేశాయి. ప్రకటనలు చూసి వచ్చిన వేలమందిలో నిన్నటిదాకా ఒక్కరంటే ఒక్కరు కూడా గంట నొక్కడం మరచిపోలేదు.

ఇందులో భయపడడానికి ఏముంది అనుకునేవాళ్ళు ఆ యాప్ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి. దాని పేరు ‘ఉన్నాను’. ఒంటరిగా బతికే పెద్దవాళ్ళ కోసం ఐలా తానొక్కతే కూర్చుని తయారు చేసింది. పొద్దున లేచాక తెర మీది గంట బొమ్మని వేలితో నొక్కిపట్టి, ‘ఉన్నాను’ అని సొంత గొంతుతో చెప్పాలి. ఆ గొంతు పొరుగింటివాళ్ళకి చేరుతుంది. మధ్యాహ్నందాకా గంట మోగలేదంటే, వెళ్ళి తలుపు తట్టి చూడమని ఆ పొరుగింటివాళ్ళకే కబురు పోతుంది. యాప్ చేసే పనల్లా ఇంతే.

మొదట్లో ఈ యాప్ చర్చిలో కాఫీల దగ్గర, లైబ్రరీ గోడ మీద, ఇళ్ళకి వచ్చే నర్సుల నోటా పాకింది. వాడేవాళ్ళు కొద్దిమంది. వాళ్ళందరూ ఐలాకి పేరుపేరునా తెలుసు. వాళ్ళకి మతిమరుపు. కళ్ళజోడు వెతుక్కుంటూ మరచిపోతారు, పిల్లికి పాలు పోస్తూ మరచిపోతారు, గంట నొక్కాననుకుని టీవీ రిమోట్ నొక్కి కూర్చుంటారు. ఐలాయే ఫోన్ చేసి చీవాట్లు పెట్టేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ చీవాట్ల కోసమే కొందరు మరచిపోతున్నారేమో అని కూడా ఆమెకి అనుమానం.

తర్వాత బ్రెంట్ హాల్వర్సన్ భాగస్వామిగా వచ్చి, ప్రకటనలు కొందామన్నాడు. ఐలా తండ్రి వదిలి వెళ్ళిన చేపల పడవ అమ్మి ఆ డబ్బంతా ప్రకటనల్లో పోసింది. జనం వచ్చారు, విరగబడి వచ్చారు. వచ్చినవాళ్ళలో మరచిపోయేవాడే లేడు.

ఐలా మిగతా మెట్లు ఎక్కింది.

వాళ్ళ ఆఫీసంటే చలికాలానికి మూసేసిన గాలాల కొట్టు మీద ఒక గది. కిటికీలోంచి కాలవా, దాని మీద పైకి లేచే వంతెనా కనబడాలి. ఆ పొద్దున సరస్సు మీంచి పొగమంచు దిగి వంతెన సగాన్ని మింగేసింది. బ్రెంట్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలు సర్దుతున్నాడు. మర్నాడు మినియాపొలిస్ నుంచి కంపెనీ కొనేవాళ్ళు వస్తున్నారు.

“బ్రెంట్, ఎవరు వాళ్ళు?”

“ఎవరు ఎవరు?”

“కొత్తవాళ్ళు. ఒక్కళ్ళూ మరచిపోవట్లేదు. గమనించావా?”

“మంచిదేగా తల్లీ. బుద్ధిమంతులు దొరికారు. జనం రాకపోతే ఏడుస్తావు, వస్తే ఏడుస్తావు. నీతో ఎలా వేగేది?”

“మా హెల్మీ అత్తయ్య వారానికోసారైనా మరచిపోతుంది. ఆవిడ మిలిటరీ నర్సుగా చేసింది. అలాంటావిడే మరచిపోతే, ఇంతమందిలో ఒక్కళ్ళకైనా పొద్దున్నే చిరాకు రాదా? ఒక్కళ్ళకైనా జలుబు చెయ్యదా?”

బ్రెంట్ కుర్చీని ఇంకోవైపుకి తిప్పాడు, మళ్ళీ మొదటివైపుకే తిప్పాడు. అతను చెడ్డవాడేమీ కాదు. మూడు యాప్‌లు చేసి మూడూ ముంచుకున్నాడు. మంచి వస్తువు చేస్తే జనం తమంతట తామే వస్తారన్న మాట వింటే అతనికి ఒళ్ళు మండుతుంది. ఆ మాట నమ్మే మూడుసార్లు మునిగానని అతని బాధ.

“అడవిలో కొట్టు పెట్టుకుని కూర్చుంటే ఎవడొస్తాడు?” అన్నాడు. “ఇదివరకే చెప్పాను నీకు. ప్రకటన లేకపోతే మనం లేనట్టే.”

“ఆ ప్రకటనల సంతలో పెద్ద కంపెనీలన్నీ వేలంపాట పెంచుకుంటూ కూర్చున్నాయి. వాటితో పోటీపడి ఒక మనిషిని తెచ్చుకుంటే, ఆ మనిషి జన్మంతా వాడినా మన ఖర్చు మనకి రాదు. అదీ నేను ఇదివరకే చెప్పాను.”

“అందుకేగా తెలివైన దారి వెతికింది. ఊరికే వచ్చి పోయేవాళ్ళ లెక్కకి డబ్బివ్వం, వచ్చి నిలబడి రోజూ గంట నొక్కేవాళ్ళకైతే తలకింతని ఇస్తాం అన్నాం. ప్రకటనల ఏజెన్సీవాళ్ళు ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు.”

అన్నాక అతనే ఆగిపోయాడు. రోజూ గంట నొక్కేవాళ్ళ లెక్కకే డబ్బిస్తామంటే, ఏజెన్సీవాళ్ళు రోజూ గంట నొక్కేవాటినే పంపారు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

“వాళ్ళ గొంతులు ఎక్కడికి పోతున్నాయి?” అని ఆమె మెల్లగా అడిగింది. “పొరుగింటివాళ్ళ పేరు అడిగే పేజీ తీసేశావుగా.”

“తియ్యక? ఆ పేజీ దగ్గరే జనం జారిపోతున్నారు. జారిపోయిన ప్రతివాడూ మనకి బొక్కే. పేరు తర్వాత అడుగుదామనుకున్నాం. గొంతులన్నీ మన పెట్టెలోకే వస్తున్నాయి, ఎక్కడికీ పోవు.”

“విన్నావా ఎప్పుడైనా?”

“అన్నన్ని ఎవడు వింటాడు?” అంటూ అతను కుర్చీ కాలు కింద కాగితం మడత పెట్టడానికి వంగాడు.

ఐలా కంప్యూటర్ ముందు కూర్చుని ఒక గొంతు తెరిచింది. పక్కన రాష్ట్రం పేరు ఒహాయో అని ఉంది. గొంతు లేదు. ఎక్కడో సన్నగా ఫ్యాన్ తిరుగుతున్న హోరు, మధ్యలో ఎండిన వేలితో గాజు మీద కొట్టినట్టు టిక్కుమని ఒక చప్పుడు, అంతే. ఇంకొకటి తెరిచింది. టెక్సాస్. అదే హోరు, అదే చప్పుడు. ఫ్లోరిడా తెరిచినా అదే, మెయిన్ తెరిచినా అదే. వరసగా తెరుస్తూ పోయింది. దేశంలోని ప్రతి మూలనుంచీ ఒకే గది వినబడుతోంది. ఆ గదిలో ఎవరూ లేరు. అయినా ప్రతి పొద్దునా అది ‘ఉన్నాను, ఉన్నాను’ అని వేలసార్లు చెబుతోంది.

ఒకదాంట్లో మాత్రం దూరంగా ఎవరో తుమ్మారు. కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత మళ్ళీ హోరు.

ఐలా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఏ ఊళ్ళోనో, ఏ షెడ్డులోనో, బీరువా అరల్లో బొమ్మల కొలువులా ఫోన్లు పేర్చి పెట్టి, వాటితో గంటలు నొక్కించి, మధ్యలో తుమ్ముకుంటూ ఒకడు కూర్చున్నాడు. ఆమె రాత్రింబవళ్ళు కూర్చుని పెద్దవాళ్ళ కోసం తయారు చేసిన గంటని, అసలు లేనివాళ్ళు మోగిస్తున్నారు. ఆమెకి ఏడుపు రాలేదు, భయం వేసింది.

“అందరికీ జరిగేదే ఇది,” అన్నాడు బ్రెంట్ వెనకనుంచి. “పెద్దపెద్దవాళ్ళకీ జరుగుతుంది. రేపు వచ్చేవాళ్ళు చూసేది ఎంతమంది ఉన్నారని. గొంతులు వింటారా ఏమిటి? అమ్మేశాక శుభ్రం చేసుకుంటారు.”

“ఏం అమ్ముతావు వాళ్ళకి? ఫ్యాన్ చప్పుడా?”

“నీ పడవ డబ్బులు నీకొస్తాయి. నా అప్పులు నేను తీర్చుకుంటాను. తర్వాత నువ్వు హాయిగా నీ హెల్మీ అత్తయ్యలకి ఇంకో యాప్ రాసుకో. ఎవరొద్దన్నారు?”

ఐలా కళ్ళు తెర మీద ఒక చోట నిలబడిపోయాయి. కొత్తవాళ్ళందరూ తెల్లవారుతూనే ఒక్క దెబ్బన గంట నొక్కేశారు. ఒక్కరు తప్ప. ఆ ఒక్క వరస ఇంకా ఖాళీగా ఉంది.

“ఒకళ్ళు మరచిపోయారు,” అంది.

బ్రెంట్ మళ్ళీ కుర్చీ జరిపాడు.

“బ్రెంట్, ఒకళ్ళు మరచిపోయారు. అంటే మనిషి.”

ఆ పెట్టెలో వెతికి ఆ ఒక్క మనిషి గొంతులు బయటికి తీసింది. మొదటిది తెరవబోతుంటే బ్రెంట్ కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

“ఉన్నాను,” అంది ఒక ముసలావిడ గొంతు. స్పష్టంగా, కాస్త సిగ్గుపడుతూ. “నా పేరు ఆర్డిస్. మా మేనల్లుడు ఈ ట్యాబ్లెట్ పలక పంపించాడు. ఇందులో ఫోన్ మాట్లాడ్డం కుదరదట. వింటున్నారా అండీ?”

తర్వాతది. “ఉన్నాను. నిన్న ఎవరూ రాలేదు. పర్లేదు లెండి, మంచు పడుతోందిగా.”

ఇంకొకటి. “ఉన్నాను. కాఫీ కాచి పెట్టాను. రెండు కప్పులు కడిగి పెట్టాను.”

ఐలా ఆపేసింది. “ఎవరి కోసం చూస్తోంది ఈవిడ? మన యాప్‌లో ఎవరో వస్తారని ఎక్కడుంది?”

బ్రెంట్ కిటికీ దగ్గరనుంచి కదల్లేదు. “ప్రకటనలో ఉంది,” అన్నాడు. “‘గంట నొక్కండి. ఎవరో ఒకరు వస్తారు.’ మొదట నువ్వు రాసిన వాక్యం పొడుగ్గా ఉందనీ, ఎవరూ దాని మీద నొక్కట్లేదనీ ఏజెన్సీవాళ్ళు అన్నారు. ఇది పెట్టగానే నొక్కడం మొదలెట్టారు.”

“నొక్కితే రారు, బ్రెంట్. నొక్కకపోతే వస్తారు.”

“తెలుసు.”

“ఈవిడ పిలిచిన ప్రతిసారీ మన యంత్రం ‘క్షేమంగానే ఉంది’ అని రాసుకుంది.”

“తెలుసన్నానుగా.”

పిలిచినన్నాళ్ళూ ఆవిడ వీళ్ళ కంటికి ఆనలేదు. పిలవడం ఆపేశాక కనబడింది. ఐలా ఆఖరి గొంతు తెరిచింది. నిన్నటిది. మొదట ఊపిరి మాత్రమే వినబడింది.

“ఉన్నాను. వంటింట్లో పడ్డానండీ. తుంటి ఎముక అనుకుంటాను. ఈ పలక బల్ల మీంచి లాక్కున్నాను, ఇదొక్కటే చేతికందింది. మీరు ఎవరో ఒకరు వస్తారని రాశారు కదా. నేను ఇక్కడే...”

ఆవిడ మాట మీద ఓడ కూత పడింది. ఒకటి పొడుగ్గా, రెండు పొట్టిగా. వెంటనే అదే లెక్కలో ఇంకో కూత, దానికంటే గట్టిగా, అద్దాలు గలగలలాడేంత గట్టిగా బదులు పలికింది.

ఐలా లేచి నిలబడింది. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఆ కూత ఎవరూ చెప్పక్కర్లేదు. ఓడ వస్తూ వంతెనకి నమస్కారం పెడుతుంది, వంతెన తిరిగి పెడుతుంది. దేశమంతా వెదజల్లిన ప్రకటనకి దొరికిన ఒక్క మనిషీ, కాలవ దాటితే అవతల, పాయింట్ అనే ఇసుక తిప్ప మీద వంటింట్లో పడి ఉంది.

పోలీసులకి ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఐలా చెప్పగలిగింది మాత్రం ఇంతే: ఇంటిపేరు లేదు, ఇంటి నంబరు లేదు, ఏదో రికార్డింగ్‌లో వంతెన కూత వినబడింది. పాయింట్ మీదికి ఒక కారు పంపిస్తామనీ, ఇల్లు తెలిస్తే మళ్ళీ ఫోన్ చెయ్యమనీ చెప్పింది.

“పద,” అంది ఐలా కోటు తగిలించుకుంటూ. “కాలవ పక్క ఇళ్ళు ఒక్కొక్కటీ తడదాం.”

“నేను నడుపుతాను,” అన్నాడు బ్రెంట్.

వంతెన దగ్గరికి వచ్చేసరికి గేట్లు పడిపోయాయి. పొగమంచులో వంతెన పైకి లేవడం కనబడలేదు, ఇనుము మూలుగు మాత్రం వినబడింది. కాలవలో ఓడ వెళుతోంది. దీపం లేదు, మనిషి లేడు, కారు ముందు ఒక నల్లటి గోడ తనంతట తాను జరిగిపోతోంది. ఎంతకీ అయిపోదు. బ్రెంట్ స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు.

“ఒక మాట అడుగుతాను, కోప్పడకు,” అన్నాడు. “ఒకవేళ... ఇప్పటికే అయిపోయి ఉంటే? అప్పుడు ఇవాళ వెళ్ళినా రేపు వెళ్ళినా ఆవిడకి ఒకటే కదా.”

“మనకి ఒకటి కాదు.”

“రేపు పేపర్లో పడుతుంది. గంట నొక్కి నొక్కి చచ్చిపోయింది అని. కంపెనీ పోతుంది, నీ పేరు పోతుంది, హెల్మీ అత్తయ్యలు కూడా మానేస్తారు. వాళ్ళని ఎవరు చూస్తారు?”

“నోరు మూసుకుని నడుపు, బ్రెంట్.”

“ఒక్కళ్ళ కోసం...”

“పడవ అమ్మి ఒక్క మనిషిని కొనుక్కున్నాం. ఆ ఒక్క మనిషినీ చూడనీ నన్ను.”

వంతెన దిగింది. అవతలికి వెళ్ళాక ఇళ్ళు ఒక్కొక్కటీ పొగమంచులోంచి తేలి మళ్ళీ మునిగిపోతున్నాయి. ప్రతి ఇంటి ముందూ మంచు ఎత్తిపోసి దారి చేసుకున్నారు. బ్రెంట్ నాలుగైదు ఇళ్ళు దాటి, కుడివైపు సందులోకి తిరిగి ఒక బూడిదరంగు ఇంటి ముందు ఆపాడు.

“ఇక్కడెందుకు?”

“చూడు, మంచు తియ్యని ఇల్లు ఇదొక్కటే.”

నిజమే. మెట్లు కనబడనంత మంచు, దాని మీద ఒక్క అడుగు జాడ లేదు. బాగా ఆలోచించాడనుకుంది ఐలా. కృతజ్ఞతగా కూడా అనిపించింది ఆ క్షణాన. ఇద్దరూ మోకాళ్ళలోతు మంచులో పడుతూ లేస్తూ వెళ్ళారు. బ్రెంట్ ముందు చేరి గుండ్రటి పిడి పట్టుకున్నాడు. ఐలా అతని పక్కనుంచి చెయ్యి చాపి తలుపు కొట్టింది.

“ఆర్డిస్ గారూ. ఆర్డిస్ గారూ, లోపల ఉన్నారా?”

లోపల్నుంచి చప్పుడు లేదు. సరస్సు కూడా ఆ పూట చప్పుడు చెయ్యడం లేదు. మళ్ళీ కొట్టింది, పిడికిలి నొప్పి పుట్టేలా కొట్టింది.

“తాళం వేసుంది,” అన్నాడు బ్రెంట్. పిడిని అటూ ఇటూ కదిపాడు. “కదలట్లేదు. ఎవరూ లేరు ఐలా. ఇంకో ఇల్లు చూద్దాం.”

“వంటింటి కిటికీ వెనకుంటుందేమో...”

ఆమె కోటు జేబులో గంట మోగింది.

ఫోన్ తీసింది. ఖాళీగా ఉన్న ఆ ఒక్క వరసలో ఇప్పుడు ఒక గొంతు వచ్చి కూర్చుంది. చేతి తొడుగు పళ్ళతో లాగి పారేసి, నొక్కి, చెవి దగ్గర పెట్టుకుంది.

ముందు తలుపు కొడుతున్న చప్పుడు వినబడింది. తర్వాత దూరంగా, చెక్క అవతలనుంచి ఒక ఆడమనిషి పిలుస్తోంది: ఆర్డిస్ గారూ, లోపల ఉన్నారా? అది తన గొంతే. తాను ఇందాక పిలిచిన పిలుపు, ఇంటి లోపలినుంచి తనకే వినబడుతోంది. దాని వెంటే, చెవికి చాలా దగ్గరగా, అరిగిపోయిన ఊపిరి.

“ఉన్నాను. వచ్చారా అండీ. తలుపుకి తాళం లేదు, తోస్తే వచ్చేస్తుంది. నిన్న ఎవరో ఒకాయన వచ్చి తలుపు కొట్టాడు. ఆయనకీ ఇదే చెప్పాను. నా గొంతు పైకి రాలేదు, వినబడలేదేమో, వెళ్ళిపోయాడు. మీరు వెళ్ళిపోకండి.”

నిన్న. రాత్రి పడ్డ మంచు కింద ఎవరి అడుగులైనా కప్పబడిపోతాయి. ఐలా ఫోన్ దించి పక్కకి చూసింది. బ్రెంట్ మొహం తెల్లగా పాలిపోయి ఉంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆ నిశ్శబ్దంలో ఆవిడ మాటలు అతనికీ వినబడ్డాయి.

“చచ్చిపోయిందనుకున్నాను,” అన్నాడు. “ఒట్టు, ఐలా. నిన్న ఆ గొంతు విని, ఇల్లు వెతుక్కుంటూ వచ్చి తలుపు కొట్టాను. అలికిడే లేదు. చచ్చిపోయిందనుకున్నాను.”

“తలుపు తియ్యి.”

అతను తియ్యలేదు. ఐలా చూపు అతని చేతి మీదికి దిగింది. లోపలికి తెరుచుకునే తలుపు అది. అతను దాన్ని తొయ్యడం లేదు. ఒక కాలు గోడకి తన్నిపెట్టి, పిడిని బలంకొద్దీ తన వైపుకి లాగి పట్టుకున్నాడు. వచ్చినప్పటినుంచీ అలాగే పట్టుకుని ఉన్నాడు.

“రేపు మధ్యాహ్నందాకా,” అన్నాడు, ఏడుస్తూనే. “అంతే. వాళ్ళు సంతకం పెట్టేదాకా.”

లోపల నేల మీద ఏదో మెల్లగా, తలుపు వైపుకి, ఈడ్చుకుంటూ రావడం మొదలెట్టింది.